జపం చెప్పించిన పెదనాన్న

మా పెదనాన్న పోయారని గుడివాడలో మా ఇంటికి ఫోనొచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గ్యాస్ కట్టేసి, కట్టుకున్న చీరతోనే దివిసీమ బస్సెక్కాను. ఆయన కోరిన ఒకే ఒక్క కోరిక తీరుతుందా అని దారిపొడుగునా ఒకటే భయం.

మా ఊరి ఆర్.సి.ఎం. గుడికి, అంటే కతోలిక చర్చికి, ఆయన ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో గంట కొట్టడం, పిల్లలకు జపాలు నేర్పడం, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మంచం పక్కన కూర్చోవడం అన్నీ పెదనాన్నే. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని ఏళ్ళు గడిపారు. మేం జపం గబగబా చెబితే, "బస్సు వెళ్ళిపోతోందేంట్రా? నెమ్మదిగా చెప్పండి" అనేవారు.

తర్వాత కాలవగట్టు మీద రేకుల షెడ్డులో ప్రార్థన మందిరం వెలిసింది. మైకులు, డప్పులు, స్వస్థత కూటాలు. జ్వరమొస్తే ఆ పాస్టర్ గారు పిలిచిన గంటలో వస్తారు, మన ఫాదర్ గారు నెలకి గాని రారు అనేవారు జనం. అందులో అబద్ధమూ లేదు. ఒక్కో ఇంటి గోడ మీంచి మరియమాత పటం దిగిపోయింది. పెదనాన్న ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. "ఆకలేసినవాడు అన్నం దొరికిన చోటికి వెళ్తాడమ్మా. మనం వేళకి వండలేదు" అన్నారు నాతో. నాకు జపమే కాదు, కోపం దిగమింగడం కూడా ఆయనే నేర్పారు. రెండోది నాకు సరిగ్గా రాలేదు.

చివరికి సొంత కొడుకే, నాకు తమ్ముడు వరసవాడు, వెళ్ళాడు. పసితనంలో తలమీద పోసిన నీళ్ళు లెక్కలోకి రావని, కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. పెదనాన్న తువ్వాలు పట్టుకుని గట్టు మీదకి వెళ్ళారు. "వాడికి పడిశం తొందరగా పడుతుంది" అన్నారు. ఆ రోజంతా ఆయనకి ముద్ద దిగలేదు. అప్పుడే నన్ను పిలిచి, "నన్ను మట్టి చేసేటప్పుడు జపమాల చెప్పించండమ్మా. ఇంకేమీ వద్దు" అన్నారు.

నేను వెళ్ళేసరికి పెట్టె దగ్గర పాస్టర్ గారు బైబిల్ తెరిచి నిలబడ్డారు. ఫాదర్ గారు వేరే ఊళ్ళో ఉన్నారు. ఎండలు మండిపోతున్నాయి.

"ఫాదర్ గారు సాయంత్రానికి వస్తారట. అందాకా ఆగరా" అన్నాను తమ్ముడితో.

"ఈ ఎండకి శవం ఆగదక్కా. మరియమాత జపమాలంటే మా పాస్టర్ గారు ఒప్పుకోరు."

"ఒప్పుకోడానికి ఆయనెవర్రా? పోయింది మీ నాన్న!"

వాడు తల దించుకుని ఏడ్చాడు. ఇక వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

సమాధుల దొడ్డిలో తన ప్రార్థన అయ్యాక పాస్టర్ గారు పక్కకి జరిగారు. "మీరు చెప్పుకునేది చెప్పుకోండమ్మా" అన్నారు. పాపం, మర్యాదగానే అన్నారు. గుడికి మిగిలిన మా నాలుగిళ్ళ ఆడవాళ్ళం గొయ్యి చుట్టూ నిలబడ్డాం. జపమాలలో పూసపూసకీ మరియమాతకి చెప్పుకునే మంగళవార్త జపంలో మొదటి సగం ఉపదేశి చెబితే, రెండో సగం జనం అందుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఊళ్ళో ఆ మొదటి సగం ఆయనదే. అందరం తలలు వంచి ఎదురుచూస్తున్నాం. ఎవరూ మొదలుపెట్టరు. 

మొదటి పార మట్టి పెట్టె మీద పడింది. ముసలి పిన్ని ఒకావిడ ఉండబట్టలేక తిన్నగా రెండో సగమే ఎత్తుకుంది. మేమంతా అందుకున్నాం. మళ్ళీ అదే సగం, మళ్ళీ అదే సగం, గొయ్యి పూడేదాకా.