కలీముల్లా సారు నిద్రపోయిన పాఠం

కణేకల్ మండలంలోని ఒక చిన్న ఊరి బడిలో కలీముల్లా పదకొండేళ్లుగా ఒంటరి అయ్యవారు. ఒకే గది, ఐదు తరగతులు, అరవైమంది పిల్లలు. ఒక మూల ఒకటో తరగతి వాళ్లు అక్షరాలు దిద్దుతుంటే, ఇంకో మూల ఐదో తరగతికి భాగహారాలు చెప్పాలి. అన్నీ చెప్పినా ఆయన ప్రాణమంతా తెలుగు మీదే. ఎప్పుడో అనంతపురంలో పాత పుస్తకాల కుప్పలో లక్ష్మీపతి గారి వ్యాకరణం దొరికితే, అట్ట ఊడిపోయేదాకా చదివాడు. లక్ష్మీపతి గారంటే రాష్ట్రమంతా పేరున్న పండితుడు.

కలీముల్లా మనసులో ఒక ముల్లు ఉండేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల నోటుపుస్తకాల్లో ‘మా నాయన సంతకు పోయినాడు’ అని ఉన్నచోటల్లా ఎర్రసిరాతో కొట్టేసి ‘పోయాడు’ అని దిద్దాడు. “అయ్యవారే యాసలో రాయిస్తే పిల్లలు ఎట్లా బాగుపడతారు?” అని అందరి ముందూ అడిగాడు. కలీముల్లా తలవంచుకుని నిలబడ్డాడు. తప్పే అనుకున్నా, ఎందుకు తప్పో చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

2003 మే నెలలో కబురొచ్చింది. లక్ష్మీపతి గారు అనంతపురం వచ్చి, ఒక్క పూట ఉపాధ్యాయులకు పాఠం చెబుతారట. సరిగ్గా దానికి ముందు పదిరోజులూ కలీముల్లాకు కరువు సర్వే పడింది. ఏ ఇంట్లో ఎన్ని పశువులున్నాయి, ఎవరెవరు వలస పోయారు అని రాసుకుంటూ, మిట్టమధ్యాహ్నాలు సైకిలు మీద నాలుగు ఊళ్లు తిరిగాడు.

“రేపన్నా ఇంటికాడ పండుకోరాదా? కండ్లు చూడు, యాడికి పోయినాయో,” అంది భార్య షమా.

“ఆయనకు డెబ్బై తొమ్మిదేండ్లు. మళ్లా ఈపక్కకు వస్తాడని ఏం నమ్మకం?”

తెల్లవారకముందే బస్సెక్కి, ఉరవకొండ దాకా నిలబడే పోయాడు. హాల్లో రెండో వరుసలో, పైన ఫ్యాను తిరిగేచోట కూర్చున్నాడు. పక్కన గార్లదిన్నె నుంచి వచ్చిన మద్దిలేటి సారు. బక్కపలచటి ముసలాయన నెమ్మదిగా వేదికెక్కి, సన్నటి గొంతుతో మొదలుపెట్టాడు. కలీముల్లా నోటుపుస్తకం తెరిచి తేదీ వేశాడు. ‘భాష ముందు నోట్లో పుట్టింది’ అన్న మాట రాసుకున్నాడు. తర్వాత వినిపించింది బల్లలు జరిగిన చప్పుడు. అందరూ లేచి టీకి పోతున్నారు.

“అయిపోయినాదా?” అన్నాడు బిత్తరపోయి.

“ఎప్పుడో. బలే చెప్పినాడప్పా. పోయినాడు, వచ్చినాడు అని మన మాటల మీదనే సగం క్లాసు నడిపినాడు,” అన్నాడు మద్దిలేటి.

“నన్ను లేపకూడదా సార్?”

“లేపబోతే ఆయనే చెయ్యెత్తి వద్దన్నాడు. ఆన్నించి ఇంకా మెల్లగా చెప్పినాడు.”

సిగ్గుగా ఉన్నా, కలీముల్లా వరండాలోకి పోయాడు. పండితుడు కుర్చీలో వాలి, వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, కారు కోసం చూస్తున్నాడు.

“నిద్ర పట్టిందా నాయనా?” అన్నాడు, ఎగతాళి లేకుండా.

“తప్పయినాది సార్. పదిదినాలుగా సర్వే డ్యూటీ. మీ పాఠం కోసరమే వచ్చినాను. ఒగే మాట అడగల్ల. పోయినాడు అని రాస్తే తప్పా?”

ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

“అంతా మళ్లీ చెప్పే ఓపిక లేదయ్యా. తప్పు కాదు. ముందున్నది అదే. అది అరిగి అరిగి పోయాడు అయింది. వయసులో పెద్దదాన్ని పట్టుకుని తప్పంటే ఎలా?”

అంతలో కారొచ్చింది. ఇద్దరు పట్టుకుని ఆయన్ను ఎక్కించారు. కలీముల్లా దండం పెట్టేసరికి కారు గేటు దాటిపోయింది. రానూపోనూ నూరు మైళ్లు తిరిగితే కలీముల్లాకు దక్కింది ఆ నాలుగు మాటలే.

శీతాకాలంలో అదే అధికారి మళ్లీ వచ్చాడు, మళ్లీ ఎర్రపెన్ను తీశాడు. కలీముల్లా లేచి నిలబడి, లక్ష్మీపతి గారు చెప్పింది చెప్పాడు. అధికారి నవ్వాడు. “పరీక్ష పేపరు దిద్దేది మీ పండితుడు కాదు కదా?”

ఆ మాటలోనూ కొంత నిజం ఉంది. అధికారి పోయాక పిల్లలను దగ్గరికి పిలిచాడు. “పరీక్షలో పోయాడు అని రాయండి. మీ నాయన గురించి ఇంట్లో చెప్పేటప్పుడు పోయినాడు అనండి. రెండూ మనవే. ఎవరన్నా నవ్వితే సిగ్గుపడాకండి.”

నాలుగో తరగతి పుష్పావతి చెయ్యెత్తింది. “మల్ల ఆయప్ప ఎందుకు కొట్టేసినాడు సార్?”

“ఆయన చదువుకున్న బడిలో అట్ల చెప్పింటారు పాపా,” అన్నాడు కలీముల్లా. ఒకటో తరగతి వాళ్లు అప్పటికే పలకలతో కొట్టుకుంటున్నారు. ఆయన నడుం పట్టుకుని లేచి అటు నడిచాడు.