ఒప్పుకున్నవాడి అప్పీలు

అమెరికాలో, ఈ కాపెల్ ఊళ్లో మా పక్కింటాయనకు నిజం చెప్పే జబ్బు ఉంది. కాకినాడ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పేవాడు. వారమంతా చేసిన తప్పులు అందరి ముందూ ఒప్పుకునేవాడు. తప్పు జరగని వారం దిగాలుగా కనిపించేవాడు.

ఆయన ఒక పిస్తోలు కొన్నాడు. కారణం, ఆఫీసులో అందరికీ ఉంది. వర్క్ వీసా మీద ఉన్నవాడికి ఇక్కడ తుపాకీ నిషిద్ధం. వేట లైసెన్సు ఉంటే ఫర్వాలేదు. మనిషి ప్రమాదకరమా కాదా అని చట్టం అడగదు, జింకను చంపే అనుమతి ఉందా అని అడుగుతుంది. బొద్దింకను చూస్తే భార్యను కేకేసే ఈయన వేటగాడయ్యాడు. లైసెన్సు గడువు తీరింది, మళ్లీ తీసుకోవడం మరిచాడు.

ఒక సాయంత్రం కారు వెనక లైటు వెలగడం లేదని పోలీసు ఆపాడు. అడిగింది లైటు గురించి. ఈయన సాక్ష్యం చెప్పాడు: డాష్‌బోర్డు అరలో పిస్తోలుంది, నాది వర్క్ వీసా, వేట లైసెన్సు అయిపోయింది. కోర్టులోనూ నేరం ఒప్పుకున్నాడు. జైలు తప్పింది. కానీ ఆ తీర్పు నిలిస్తే కుటుంబంతో సహా దేశం వదలాలి.

లాయరమ్మ ఒక దారి చూపింది. నేరం ఒప్పుకున్నా, ఆ చట్టమే రాజ్యాంగానికి విరుద్ధమని పైకోర్టులో వాదించవచ్చు. రెండు వారాల్లో అప్పీలు వేయాలి. ఈయన పెన్ను ముట్టలేదు. నచ్చజెప్పడానికి నేను వెళ్లాను.

"ఒప్పుకున్నాక మళ్లీ వాదనేంటి అన్నయ్యా? దేవుడి దగ్గర అలా చేస్తామా?"

"ఆయన దగ్గర అప్పీలు లేదనే నేను అటు పోను" అన్నాను. "చేశానని చెప్పడం వేరు తమ్ముడూ, చేయకూడదన్నవాడి మాట న్యాయమని ఒప్పుకోవడం వేరు. వితంతువును పెళ్లాడినవాళ్లు అవును పెళ్లాడామన్నారు. తప్పన్నవాళ్లతో జన్మంతా పోట్లాడారు."

"పాస్టర్ గారు సరేనంటే సైన్ చేస్తా."

అలా నలభై ఏళ్ల తర్వాత ఆ దంపతుల వెంట చర్చిలో అడుగుపెట్టాను, అదీ తుపాకీ తరఫున. లోకంలోని తుపాకులన్నీ కరిగించి గరిటెలు పోయించాలని వ్యాసాలు రాసినవాణ్ణి.

పాస్టర్ గారు నవ్వారు. "రండి బ్రదర్! మేం ఇన్నేళ్లు పిలిచినా రాలేదు, పిస్తోలు పిలిస్తే వచ్చారు. ఆ చట్టం పోవాలనుందా మీకు?"

"లేదండీ. ఇంకా గట్టి చట్టం రావాలి."

"మరి ఈ వాదన?"

"నాకు నచ్చిన ప్రశ్నలే అడగనిస్తానంటే, నేనూ ఒక మతం పెట్టినట్టే."

ఆయన బైబిలు తెరవబోతుండగా పక్కింటాయన భార్య లేచింది. "మీ డిబేట్ తర్వాత పెట్టుకోండి. రేపే లాస్ట్ డేట్." భర్త వైపు తిరిగింది. "పోలీసు అడక్కుండానే అన్నీ చెప్పేశారు. లాయర్ బతిమాలుతుంటే ఒక్క సంతకం పెట్టలేరా? పాపం సంగతి దేవుడు చూసుకుంటాడు, పెట్టండి ముందు."

పాస్టర్ గారు తన పెన్ను తీసి ఇచ్చారు. సంతకం అయ్యాక న్యాయమూర్తుల జ్ఞానం కోసం అరగంట ప్రార్థించారు. నేను కళ్లు తెరుచుకుని నిలబడ్డాను.

అప్పీలు ఇంకా నడుస్తోంది. ఓడితే ఆ కుటుంబం వెళ్లిపోవాలి. గెలిస్తే నా వ్యాసాలన్నింటికీ ఎదురుగా ఒక తీర్పు, నా గోడ అవతల ఒక పిస్తోలు. గెలవాలనే కోరుకుంటున్నాను. మా హేతువాద మిత్రులకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.