నూనె ఏడుపు ఆగేదాకా

నిన్న వంకాయలు కోస్తుంటే కత్తిపీట మీద వేలు తెగింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ సీసాలో మందునూనె అయిపోవచ్చిందని చూసి, పెరట్లో గాయపాకు తెంపుకొచ్చి రసం పిండాను. దానికింత పసుపు కలిపి, నువ్వుల నూనెలో పోసి పొయ్యి మీద పెట్టగానే, అలవాటు కొద్దీ ముందుగదిలోకి కేకేశాను: "ఇగో, జర మగ్గం ఆపు!"

ముందుగదిలో మగ్గం లేదు. మగ్గం గుంట పూడ్పించి గచ్చు చేయించి ఏడాది దాటింది.

ఈ నూనె కాచడం మా అత్త నేర్పింది. సన్నని సెగ మీద రసంలోని నీరంతా ఇగిరేదాకా అది చిటపటమంటూనే ఉంటుంది. ఆ చప్పుడును అత్త ఏడుపు అనేది. ఏడుపు ఆగాకే దించాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, ఆలస్యమైతే మాడిపోతుంది. మగ్గం మోతలో అది వినపడదు కనక, నూనె కాచేటప్పుడు మగ్గం ఆపడం మా ఇంటి రివాజు. మా ఆయనకేమో అది ఒళ్లుమంట. గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, "నీ నూనెకు ఎవలు సచ్చిండ్రే, గింతసేపు ఏడుస్తాంది?" అనేవాడు. పోచంపల్లిలో అంత నోరున్న నేతగాడు ఇంకొకడు ఉండడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన పాదానికి మగ్గం తొక్కుడుచెక్క గీరుకుంది. ఎప్పటిలాగే నూనె రాశాను. ఎన్నో దెబ్బలు మాన్పిన నూనె దీన్ని మాన్పలేదు. దవాఖానకు తీసుకుపోతే షుగర్ ఉందన్నారు. ఆ నూనె రాయడం మానేయమన్నారు. పాదం దక్కుతుందో లేదో చెప్పలేమన్నారు. పాదం లేని నేతగాడు ఏం నేస్తాడు? కట్టుతో మంచంలో పడుకుని మగ్గం వైపే చూసేవాడు. ఆ నెలల్లో ఇల్లంతా చప్పుడు లేదు. నూనె కాచుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు, కానీ నాకు కడాయి ముట్టబుద్ధి కాలేదు.

దవాఖాన మందులతో పుండు మానింది. ఆయన మళ్లీ గుంటలోకి దిగిన పొద్దున నేను కావాలనే నూనె పెట్టాను. కేకేయకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆయనే చెయ్యి ఆపి, "ఏందే, ఇయ్యాల ఆపమంటలేవు?" అన్నాడు.

"నువ్వు నేసుకో. నూనె మాడితే మాడనీ."

నిజంగానే మాడింది. ఇల్లంతా పొగ. ఇద్దరం దగ్గుతూ నవ్వుకున్నాం.

ఆయన పోయి రెండేళ్లు. నిన్న నూనె చిటపట మొదటి నుంచి చివరిదాకా స్పష్టంగా వినిపించింది. సరిగ్గా ఏడుపు ఆగగానే దించాను. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు. నేను ఎప్పుడూ మగ్గం కాసేపు ఆపమనే అడిగాను. కాలం పూర్తిగా ఆపేసింది.