దించడం

గుంటూరు మిర్చి యార్డు హమాలీ కోటేష్ సాయంత్రం జిమ్ములో అడుగు పెట్టగానే ఇద్దరు ముగ్గురు తుమ్ముతారు. ఎంత రుద్ది స్నానం చేసినా మెడ మడతల్లో ఘాటు పోదు. పగలంతా బస్తాలు మోసినవాడికి మళ్లీ ఈ ఇనుమెందుకని యార్డులో నవ్వుతారు.  ఓ రోజు కోచ్ చైతన్యకృష్ణ "ఇక దించెయ్" అనగానే, భుజాల మీది ఇనప కడ్డీని యార్డులో పేర్చిన బస్తాల నెట్టు మీద ఇంకో బస్తా వేసినట్టే పక్కకి వంగి జారవిడిచాడు. దభేలుమని పడి గచ్చు పెచ్చు లేచింది.

కోచ్ తిట్టలేదు. నవ్వి, వే ప్రోటీన్ పొడి డబ్బా మూత తీశాడు. "ఒళ్లు చేయాలంటే పాలల్లో రోజుకి రెండు స్పూన్లు. తగ్గాలంటే నీళ్లల్లో ఒకటి. నీకేం కావాలి?"

కోటేష్ ఊడిన పెచ్చుని కాలి బొటనవేలితో మళ్లీ దాని చోట్లోకి నొక్కుతూ ఆలోచించాడు. తనకు పని నేర్పిన బుల్లయ్య నలభై ఐదుకే నడుం పోయి, ఇప్పుడు యార్డులో రాలిన కాయలు ఊడుస్తున్నాడు.

"ఇవాళ ఎత్తిన బస్తా యాభై ఏళ్లొచ్చినా ఎత్తాలి సార్. దానికెన్ని స్పూన్లండి?"

కోచ్ డబ్బా మూత బిగించాడు. "అలా పక్కకి వంగి దించితే ఏ పొడీ నీ నడుముని కాపాడదు" అని, మోకాళ్లు వంచి దించడం చీకటి పడేదాకా నేర్పాడు.

మర్నాడు యార్డులో కోటేష్ మొదటి బస్తా అలాగే, నిదానంగా దించాడు. వెనక బస్తా బరువుతో నిలబడ్డ తోటి హమాలీ మార్క్ అరిచాడు. "ఏరా, పసిబిడ్డని పడుకోబెడుతున్నావా? జరుగు, నా మెడ విరుగుతోంది!"

రెండో బస్తా కోటేష్ పక్కకి వంగి జారవిడిచాడు.