లస్మవ్వ ఎక్కించిన పసుపు

మొన్న పెర్కిట్ చౌరస్తాలో ఆటో కోసం నిలబడితే ఎక్కడినుంచో ఉడికించిన పసుపు వాసన వచ్చింది. మట్టి, ఆవిరి, ఘాటు కలిసిన ఆ వాసన తగిలితే ఈ వయసులోనూ నా కాళ్లు ఒకచోట నిలవవు. ఇంటికి పోవలసినవాణ్ణి, ఆటో వదిలేసి లారీలు ఆగే వైపు నడిచాను. అక్కడ ఇప్పుడు నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. లస్మవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె లారీలు నిలిపే జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది.

ఎనభైల చివర నేను ఆర్మూర్‌లో ఒక ఆఫీసులో గుమస్తాను. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే కిటికీ. నలభై దాటాక ఏమైందో గానీ, కూర్చుంటే చాలు కాళ్లు వాటంతటవే ఊగేవి. పక్క టేబులాయన విసుక్కునేవాడు. మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే సైకిలెక్కి పెర్కిట్ పోయి, మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్టుకు పసుపు మోసుకుపోయే లారీలను చూస్తూ నిలబడేవాణ్ణి. ఎందుకంటే ఏం చెప్పను! కదిలిపోయేదాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు లస్మవ్వ నా సైకిలు హ్యాండిల్ పట్టుకుంది. భర్త పోయాక రెండు లారీలనూ, రెండెకరాల పసుపునూ ఒంటిచేత్తో నడిపిస్తున్న మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది.

"ఏం సారూ, రోజొచ్చి నా బండ్లను జూస్తున్నవ్? టాక్సు ఆఫీసోనివా?"

"కాదక్కా. లారీ నడపాలని ఉంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను కిందినుంచి మీదికి చూసి, "అయితే పొద్దుగాల రా," అంది.

ఆమె డ్రైవరు దగ్గర ఏడాది పాటు, ఆఫీసు వేళకు ముందే పోయి నేర్చుకున్నాను. హెవీ లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగం మానేశాను. మా ఆవిడ సుజాత నెత్తీనోరూ బాదుకుంది. "నలభై ఏండ్లకు డ్రైవరైతడట! పిల్లల మొఖం జూడొద్దా?" అని గోడకు చెప్పినట్టు చెప్పి, ఆ తర్వాత నాతో మాటలే మానేసింది.

నా మొదటి లోడు మోర్తాడ్ రైతుల పసుపు. బస్తాలు సగం ఎక్కాక వాళ్లు నన్ను చూశారు. వాళ్లలో పెద్దాయన ముత్తన్న నా చేయి పట్టి తిప్పి చూశాడు. "గీయన నడుపుతడా? చేతులు జూడు, పెండ్లికొడుకు లెక్కున్నయ్. ఏడాది కష్టం లస్మవ్వా, మేం దించుకుంటం." దించడం మొదలుపెట్టారు కూడా. ఆఫీసులో నా కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు. ఈ లారీ కూడా పోతే ఇంటికి ఏ మొహంతో పోవాలి? లస్మవ్వ నన్ను పొగడలేదు, రైతులను బతిమాలలేదు. హమాలీలను పిలిచి, ఇంట్లో ఉన్న తన పంటంతా తెప్పించి నా లారీ వెనక భాగంలో వేయించింది.

"నాది గూడ గీ బండిల్నే పోతది. దించెటోళ్లు దించుకోండ్రి," అంది.

ఎవరూ దించలేదు. ముత్తన్న మాత్రం కాపలాకి నా పక్కనే ఎక్కి కూర్చున్నాడు. ముందువైపున్న తమ బస్తాల మీద వాన పడకుండా తాడపత్రి కప్పి రైతులే తాళ్లు బిగించారు. వెనక లస్మవ్వ బస్తాల మీదది నేను కట్టాను. దెగ్లూరు దాటాక గాలి, వాన. బండి బాగానే నడిపాను, ముత్తన్న గురకపెట్టేంత బాగా. చాయ్ తాగుదామని దిగి చూస్తే వెనక తాడపత్రి గాలికి కొట్టుకుంటోంది. బతుకంతా ఫైళ్లకు నాడా కట్టిన చేతులు కదా, కొస లాగితే ఊడిపోయే పువ్వు ముడి వేశాను. గాలి ఆ కొస లాగేసింది. రైతుల పసుపు పొడిగా సాంగ్లీ చేరింది. లస్మవ్వ బస్తాలు సగానికి సగం తడిశాయి. వ్యాపారులు ముట్టుకోలేదు. వాటిని మళ్లీ ఆర్మూర్‌కే తెచ్చాను.

తాళంచెవి ఆమె అరుగు మీద పెట్టి, "నాతోని కాదక్కా," అన్నాను. ఆమె తాడు చూసింది, ముడి చూసింది. "ఫైలు గట్టినవా సారూ!" అని అందుకుని, వాడకట్టంతా వినేట్టు తిట్టింది. అన్నీ రాయలేను. అలసిపోయాక, "తాళం ఈడ వెట్టి పోతే పసుపు ఎండుతదా? పట్టు బస్తా," అంది.

వాకిట్లో పసుపు పరిచాం. మర్నాడు నన్ను వెతుక్కుంటూ సుజాత వచ్చింది. గొంతుక్కూచుని పసుపు కొమ్ములు తిరగేస్తున్న నన్ను చాలాసేపు చూసి, చెంగు బిగించింది. "నీడకు ఆరది గది, ఇటు జరుపుండ్రి," అంది. నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం పసుపు కుప్ప చేస్తూ లస్మవ్వను అడిగాను. "నన్నెట్ల నమ్మినవక్కా, పంటంత ఎక్కించినవ్?"

"నమ్మిన్నని ఎవలు జెప్పిండ్రు? నువ్ పోయొచ్చేదాంక నాకు ముద్ద దిగలే."

"మరెందుకు ఎక్కించినవ్?"

"నమ్మినంకనే ఎక్కిస్తమంటె ఇగ ఎవ్వల బండి కదుల్తది? రేపు మక్కల లోడుంది. పోయి పండుకో."

రంగు తగ్గిన ఆ పసుపు ఏ ధరకు పోయిందో ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. మొక్కజొన్నల లోడుతో నేను బయలుదేరాను, ఆ తర్వాత ఆగలేదు. కొన్నాళ్లకు నాకంటూ ఒక బండి వచ్చింది. దాన్ని నడుపుతామని వచ్చినవాళ్లలో నేను పూర్తిగా నమ్మినవాడు ఒక్కడూ లేడు. అయినా తాళం ఇస్తాను. ఇచ్చి, బండి తిరిగొచ్చేదాకా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటాను. సుజాత కంచం పెట్టి పిలుస్తుంది. నాకు ముద్ద దిగదు.