బ్లాసి కొట్టని గంట

మా ఊరి చర్చి గంట కొట్టేవాడు బ్లాసి. ఆయన గురించి మంచి మాటలు చెప్పే అర్హత నాకు లేదు. అయినా చెప్పాలి.

ప్రార్థనకీ, చావుకీ, వడగళ్ళ మబ్బు కమ్మినప్పుడూ ముప్పై ఏళ్ళు ఆయనే కొట్టాడు. భార్య వల్బుర్గ పోతే ఆమెకీ తనే కొట్టుకున్నాడు. మా ఊరంతా సన్యాసుల మఠానికి బానిసలం. మర్నాడే మఠం మనుషులొచ్చి, చనిపోయిన ఆడదాని మంచి బట్ట మఠానిదే గనుక, ఆమె ఆదివారం గౌను పట్టుకుపోయారు. ఆయన కిక్కురుమనలేదు. రోషం లేని ముసలాడని మేం చాటున నవ్వుకున్నాం.

ఆ చలికాలం కొత్త బోధకుడు వచ్చాడు. క్రీస్తు దొరనీ గొల్లవాణ్ణీ తన నెత్తురే పెట్టి కొన్నాడనీ, ఎవరూ ఎవరికీ బానిసలు కారనీ చెప్పాడు. ఊరు ఉడికిపోయింది. మఠం మీదికి వెళ్ళాలంటే చుట్టుపక్కల ఊళ్ళను గంట కొట్టి పిలవాలి. బ్లాసి గంటగోపురం తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు.

“తాళంచెవి ఇయ్యి మామా. అత్త గౌను కూడా తెచ్చిస్తాం,” అన్నాను.

“దానికిప్పుడు గౌనెందుకురా వెండెల్? ఇల్లంటుకుంటే కొడతా. చావడానికి రండర్రా అని మాత్రం కొట్టను.”

“అంత భయమైతే ఆ గౌను నువ్వే తొడుక్కో,” అన్నారెవరో. అందరం పగలబడి నవ్వాం. నేనే ఆయన చెయ్యి మెలిపెట్టి తాళంచెవి లాక్కున్నాను. గంట తాడు వంతులేసుకుని లాగాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళొచ్చారు, మఠం మా చేతికొచ్చింది.

ఐదు వారాలు మఠం చెరువులో చేపలు పట్టుకు తిని దొరల్లా బతికాం. తర్వాత ప్రభువుల సైన్యం వచ్చింది. మావాళ్ళు ఎంతమంది పోయారో చెప్పలేను.

మిగిలినవాళ్ళని చర్చి ముందు నిలబెట్టి, “గంట కొట్టినవాణ్ణి చూపించండి. లేదంటే ఊరు తగలబెడతా,” అన్నాడు సేనాని.

నా పెళ్ళాం నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

“బ్లాసి కొట్టాడండీ,” అన్నాను.

అంతా తలలూపారు. బ్లాసి నావైపు చూశాడు. కాదని ఒక్కమాట అనలేదు. ఎందుకనలేదో అడిగే మొహం నాకు ఎప్పటికీ లేకపోయింది. ప్రమాణానికి ఎత్తే రెండు వేళ్ళూ ఆయన కుడిచేతి నుంచి నరికేశారు.

మర్నాడు అందరం మఠానికి మళ్ళీ విధేయత ప్రమాణం చెయ్యాలి. బ్లాసి చేతికి గుడ్డ చుట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

“వేళ్ళు లేనోడి ప్రమాణం చెల్లదు. పక్కకి జరుగు,” అన్నాడు మఠం గుమాస్తా.

తర్వాత వంతు నాది. బతికినంతకాలం మఠానికి బానిసగా ఉంటాననీ, నా పిల్లలూ ఉంటారనీ, రెండు వేళ్ళెత్తి గట్టిగా చెప్పాను. బ్లాసి పక్కన నిలబడి నా వేళ్ళనే చూస్తున్నాడు.