లారీ పెయింటు కొట్టించిన కంప్యూటర్లు

మా ఇంట్లో వారం రోజులుగా ఉల్లిపాయలు వంటగదిలో నేల మీదే దొర్లుతున్నాయి. ఇవాళ పొద్దున ఒకదాని మీద కాలేసి జారాను కూడా. అయినా మా ఆవిడ సరళని ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు. ఎందుకు లేదో చెబుతాను గానీ ముందు టీ చెప్పండి. మధ్యలో నవ్వితే మాత్రం బిల్లు మీరే కట్టాలి.

నాకు పాత కంప్యూటర్ల పిచ్చి ఉందని మీకు తెలుసుగా. పాతవంటే మా కాలేజీ ల్యాబ్‌లో ఫ్యాన్ గోల పెట్టే డబ్బాలు కాదు. వాటికి తాతల్లాంటివి. మానిటరుండదు, సీపీయూ డబ్బా ఉండదు, ఉత్త కీబోర్డు. దాన్ని ఇంట్లో టీవీకి తగిలించి, పక్కన టేప్ రికార్డర్ పెట్టి క్యాసెట్ వేస్తే, కీచుమని అయిదు నిమిషాలు అరిచి అరిచి ఆఖరికి టీవీలో ఓ చుక్క అటూ ఇటూ తిరుగుతుంది. అంతే. ఆ చుక్క చూడ్డానికి నేను సెలవు పెట్టిన రోజులున్నాయి. "దీనికంటే పేకాట ఆడుకోకూడదూ, నలుగురితో మాట్లాడినట్టన్నా ఉంటుంది" అంటుంది సరళ.

అలాంటివి నాలుగు పోగేశాను. మూడు మామూలువే, మూతబడ్డ ఇన్‌స్టిట్యూట్ల నుంచి తెచ్చినవి. నాలుగోది మాత్రం గుణదలలో ఒక డాక్టరుగారు ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది. రబ్బరు కీలు. మొదటి బ్యాచ్‌లో తయారైన రకం, ప్రపంచంలో చాలా తక్కువ మిగిలాయట. ఆయన షెడ్డు ఖాళీ చేస్తూ "పట్టుకుపోవయ్యా" అన్నారు. అట్టపెట్టెతో సహా మోసుకొచ్చాను. పెట్టె దండగ అని డాబా మీద గిరాటేసి, కంప్యూటర్‌ని మాత్రం పసిపిల్లాడిలా పడుకోబెట్టాను. ఈ పెట్టె సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

భవానీపురంలో మాది రెండు గదుల వాటా. ముందు హాలు, వెనక వంటగది లెక్కలోకి రావు. రెండు గదుల్లో ఒకటి మాది, ఒకటి కంప్యూటర్లది. అంతా బాగానే ఉండేది. ఈలోగా మా మామగారు కంటి ఆపరేషన్‌కని కైకలూరు నుంచి దిగారు. ఆయనది చేపల వ్యాపారం. కొల్లేటి చేపలు ఐసులో పెట్టి లారీల్లో కలకత్తా పంపిస్తారు. అంతటి మనిషి మా హాల్లో మడతమంచం మీద, టీవీ కింద, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడుకున్నారు. నా కంప్యూటర్లేమో గదిలో, బల్ల మీద, పైన దుప్పటి కప్పుకుని హాయిగా ఉన్నాయి.

రెండో రోజే సరళ తేల్చేసింది. "ఏవండీ, ఆపరేషన్ అయిన మనిషి హాల్లో, మీ సామాను గదిలోనా? బయట జనం వింటే ఏమనుకుంటారు?"

"అవి సామాను కాదే, చాలా విలువైనవి" అన్నాను.

"ఎంత?"

అక్కడే దొరికిపోయాను. విలువ ఉందని తెలుసు గానీ ఎంతో ఎవరికి తెలుసు? మామగారు మంచం మీంచే అందుకున్నారు. "అల్లుడుగారూ, కొనేవాడు వస్తేనే సరుకండీ. రాకపోతే ఐసు ఖర్చు" అన్నారు. ఆయనకి అన్నీ చేపలే.

ఆఖరికి ఒప్పందం కుదిరింది. వచ్చే ఆదివారంలోగా నా వాటిల్లో ఒక్కటైనా బయటివాడు డబ్బిచ్చి కొంటే, అవి విలువైనవని సరళ ఒప్పుకుంటుంది, గది నాకే ఉంటుంది, మామగారికి మా గది ఇచ్చి మేం హాల్లో పడుకుంటాం. కొనకపోతే నాలుగూ ఉల్లిపాయల బండికి. మా వీధిలో పాత ప్లాస్టిక్కుకీ ఇనుముకీ ఉల్లిపాయలు ఇచ్చే బండి వస్తుంది లెండి. నా పదేళ్ల సంపాదన ఉల్లిపాయల కింద పోవడమా! నిజంగానే అన్నం సయించలేదు.

వెంటనే బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. పాత కంప్యూటర్లు పోగేసేవాళ్ల సైటొకటి ఉంది. అందులో రబ్బరు కీల దాని ఫోటో పెట్టాను. నా అదృష్టం చూడండి, మర్నాటికల్లా జవాబు. చెన్నై నుంచి రాఘవన్ అనే పెద్దాయన. బ్యాంకులో చేసి రిటైరయ్యాడట, ఆయనా నా బాపతే. ఆదివారం ఉదయం రైల్లో వస్తాను, చూశాక ధర మాట్లాడుకుందాం అని రాశాడు. నేను ఆ జవాబు ప్రింటు తీయించి, ఇంటికొచ్చి సరళ ముందు పెట్టి కాలు మీద కాలేసుకు కూర్చున్నాను. ఆ రోజు కాఫీ కూడా అడక్కుండానే వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

మామగారు నల్లద్దాలు కాస్త పైకెత్తి, బాగున్న కంటితో కంప్యూటర్‌ని ఎగాదిగా చూశారు. "ఇదేంటండీ, పచ్చబడిపోయింది. గీతలు కూడా పడ్డాయి. ఇలాగే చూపిస్తారా?" అన్నారు. పోయినేడు ఆయన పాత లారీ ఒకటి అమ్మారు. అమ్మే ముందు ఆటోనగర్ పంపించి ఫుల్ పెయింటింగ్ కొట్టించారట. కొన్నవాడు బాడీ చుట్టూ ఓసారి తిరిగి, ఇంజనైనా వినకుండా అడ్వాన్స్ ఇచ్చేశాడట. "బేరం కంటితోనే అయిపోద్దండీ" అన్నారాయన.

నాకు భలే నచ్చేసింది. మనూళ్లో అంతేగా. పాత స్కూటర్ అమ్మాలంటే పెయింటు, ఇల్లు అద్దెకివ్వాలంటే సున్నం. చెన్నై నుంచి పెద్దమనిషి రైలు చార్జీలు పెట్టుకుని వస్తుంటే పచ్చగిల్లిన ముఖం చూపిస్తామా? శుక్రవారం సాయంత్రం కంప్యూటర్‌ని తువ్వాల్లో చుట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. మామగారి లారీకి పెయింటు వేసిన మస్తానే అక్కడ. చేతిలో స్ప్రే గన్, నోట్లో కిళ్లీ.

"క్రీమ్ కలర్ కొట్టు మస్తాన్. కొత్తదానిలా ఉండాలి."

"ఇంత చిన్నదానికి గన్ కడగడమే దండగ సార్. ఇంకేమైనా ఉంటే తెండి, కలిపి కొట్టేస్తా. ఒకదాని రేటే."

ఒకదాని రేటుకి నాలుగు! నేను మళ్లీ ఇంటికెళ్లి మిగతా మూడూ ఆటోలో వేసుకొచ్చాను. ఆ ఆటోవాడికి టైరు పంక్చరైనా బావుండేది. కాలేదు.

శనివారం సాయంత్రం తీసుకోవడానికి వెళ్లాను. నాలుగూ వరసగా చెక్క మీద ఆరబెట్టి ఉన్నాయి. క్రీమ్ కలరే, ధగధగ మెరుస్తోంది. చుట్టూ సన్నగా ఎర్ర బోర్డరు. నాలుగు మూలలా నాలుగు కలువపూలు. "బోర్డరు, పూలు మీకు ఫ్రీ సార్, మీ మామగారి మొహం చూసి" అన్నాడు మస్తాన్. పర్లేదు, కళగానే ఉంది అనుకున్నాను. కాస్త వంగి చూశాను. కీల మీద కూడా పెయింటు కొట్టి, దాని మీద కుంచెతో అక్షరాలు రాశాడు. అచ్చు లారీ నంబరు ప్లేటు మీద రాసినంత అందంగా. ఎడమ నుంచి కుడికి A, B, C, D, E, F...

"మస్తాన్, ఏంటిది?"

"పెయింటు కింద అక్షరాలు పోతాయి కదా సార్, ముందే కాయితం మీద రాసుకుందామని చూశా. అసలు వరసే లేదండీ. Q తర్వాత W అంట. చేసినోడు హడావుడిలో కలిపేసినట్టున్నాడు. నేను వరసలో పెట్టేశా" అన్నాడు. ఇంత మంచి పని చేశాక మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తున్నాడు.

నేను కాలేజీలో జీతం తీసుకుని కీబోర్డు నేర్పేవాణ్ణండీ. అక్కడే ఓ టైరు మీద కూలబడ్డాను. నాలుగూ అంతే. పైగా రబ్బరు కీల దాని అడుగున ఏదో పాత కాయితం అంటుకుని ఉంటే బ్లేడుతో గీకి శుభ్రం చేశానన్నాడు. అది కంపెనీవాళ్ల నంబరు చీటీ. మొదటి బ్యాచ్‌ది అని చెప్పడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం. తిడదామంటే ఏమని తిట్టను? తెచ్చింది నేను, కొట్టమన్నది నేను, నాలుగూ ఇచ్చింది నేను. డబ్బులిచ్చి, థాంక్స్ కూడా చెప్పి వచ్చాను.

దార్లో నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మామగారు చెప్పారుగా, బేరం కంటితోనే అయిపోతుంది. అక్షరాలెవరు చూస్తారు?

ఆదివారం రాఘవన్‌గారు వచ్చారు. సన్నటి మనిషి, చంకలో గుడ్డసంచి, సంచిలో భూతద్దం. మద్రాసులో పెరిగినా తెలుగు బాగానే మాట్లాడతారు. సరళ ఇడ్లీ పెట్టింది. మామగారు ఇస్త్రీ పంచె కట్టి, బేరం తనే నడిపిస్తానన్నట్టు నా పక్కన కుర్చీ వేసుకున్నారు. నేను తువ్వాలు తీశాను.

రాఘవన్‌గారు దాన్ని దగ్గరికి లాక్కున్నారు. భూతద్దం తీసి కలువపువ్వుని చూశారు. తర్వాత బోర్డరు. తర్వాత A, B, C.

"ఇది ఫోటోలోదేనా సార్?" అన్నారు నెమ్మదిగా.

"అదేనండీ. కొత్తదానిలా చేయించాం" అన్నారు మామగారు.

"ఆ పచ్చరంగు, ఆ గీతలు... అవి అలాగే ఉంటేనే కదా సార్ ఎవరైనా కొనేది. ఇరవయ్యేళ్లు ఎవరూ ముట్టుకోలేదని వాటితోనే తెలుస్తుంది. నంబరు చీటీ ఏది?"

నేను ఆటోనగర్ దిక్కు చూశాను. ఆయన ఒక కీ నొక్కారు. పెయింటు ఇంకా పచ్చిగానే ఉందేమో, నొక్కిన కీ కిందే ఉండిపోయింది, ఆయన వేలు దానికి అతుక్కుపోయింది. లాగితే వేలి మీద C అచ్చు పడింది. పాపం, పెద్దాయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. మిగతా మూడూ చూపించబోతే వద్దని చెయ్యి ఊపారు, ఆ క్రీమ్ వేలితోనే.

"రండి బాబాయిగారూ, కిరసనాయిలు పెడితే పోతుంది" అని సరళ ఆయన్ని వంటగదిలోకి తీసుకెళ్లింది. రెండు నిమిషాలైంది. లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా! ఈ పెట్టె ఎక్కడిది?"

పరిగెత్తాం. రాఘవన్‌గారు స్టవ్ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఆ డాక్టరుగారి అట్టపెట్టె, నేను డాబా మీద గిరాటేసినదే. పైన బొమ్మలో ఓ తెల్లదొర కుటుంబం టీవీ చుట్టూ చేరి పళ్లికిలిస్తోంది. లోపల ఉల్లిపాయలు. ఒక పక్క అంటించిన చీటీ, దాని మీద నంబరు, చెక్కు చెదరకుండా.

"కంప్యూటర్లు అక్కడక్కడా దొరుకుతాయి సార్. పెట్టె ఎవరూ దాచరు. అందరూ పారేస్తారు. ఇరవయ్యేళ్లలో నేను దీన్ని ఫోటోలోనే చూశాను" అన్నారాయన. ఉల్లిపొట్టుని ఒక్కొక్కటే వేళ్లతో తీస్తున్నారు.

మామగారు వెంటనే గొంతు సవరించుకున్నారు. కానీ బేరం సరళే ఆడింది. "దీనికి పక్కన చిల్లులున్నాయి బాబాయిగారూ, గాలి ఆడుతుంది, ఉల్లిపాయ కుళ్లదు. ఇది ఇచ్చేస్తే నేనెక్కడ పోసుకోను?" అంటూ మెల్లిమెల్లిగా ఆయన చెప్పిన ధరని రెట్టింపు చేసింది. ఇడ్లీ రుచి కూడా అందులో కలిసిందేమో తెలీదు. ఆ డబ్బుతో మర్నాడే మిక్సీ కొంది. రాఘవన్‌గారు ఉల్లిపాయలు నేల మీద పోసేసి, పెట్టెని గుండెలకి హత్తుకుని ఆటో ఎక్కారు. నావైపు మాత్రం చూడలేదు.

నేను వదల్లేదు. "చూశావా, నాది ఒకటి అమ్ముడుపోయింది. గది నాదే" అన్నాను.

"మీదా? డాబా మీద వానకి నానబోతుంటే తెచ్చుకున్నది నేను. దండగ అన్నది మీరు."

మామగారి వైపు చూశాను, అల్లుడిననైనా జాలిపడతారని. ఆయన అద్దాలు సర్దుకున్నారు. "అది అమ్మాయి సరుకేనండీ. మా దగ్గరైనా అంతే, మనం వద్దని పారేసింది ఎవరు ఏరుకుంటే వాళ్లదే" అన్నారు. పెయింటు సలహా ఇచ్చింది ఈయనే అని నోటిదాకా వచ్చింది గానీ కంటి ఆపరేషన్ మనిషి కదా అని మింగేశాను.

బుధవారం ఉల్లిపాయల బండి వచ్చింది. మాట మాటే కదా. నాలుగూ నేనే మోసుకెళ్లి బండి మీద పెట్టాను. చెయ్యి వదలడానికి మనసొప్పలేదు. నవ్వకండి, ఏడుపొచ్చింది. బండివాడు ఒకటి తీసి, గోటితో గీకి, వాసన చూశాడు.

"ఇది లారీ పెయింటు కదండీ."

"అవును."

"రంగేసిన ప్లాస్టిక్ తీసుకోరండీ ఫ్యాక్టరీలో. కరిగిస్తే గడ్డలు కడతది. నాకొద్దు" అని నాలుగూ తీసి గేటు పక్కన పేర్చాడు.

సరళ గుమ్మంలోంచి అంతా వింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏదో ఒకటి ఇవ్వు బాబూ, పాపం ఆశపడి తెచ్చారు" అంది. వాడు నన్ను కిందా మీదా చూసి, బండిలోంచి రెండు ఉల్లిపాయలు ఏరి నా చేతిలో పెట్టాడు. కంప్యూటర్లు కూడా నన్నే తీసుకెళ్లమన్నాడు.

అలా నా కలెక్షన్ దక్కింది. గది మామగారిది, కంప్యూటర్లు అటక మీద. ఆ రెండు ఉల్లిపాయలూ ఏమయ్యాయంటారా? మర్నాడు సరళ పెసరట్టు మీద చల్లి పెట్టింది, తిన్నాను. ఇకమీదట పాత కంప్యూటర్ల విలువెంతని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు. నాలుగింటికీ కలిపి రెండు ఉల్లిపాయలు. అవీ నా మొహం చూసి జాలిపడి ఇచ్చినవి.